స్వల్పమైన మార్పు: ఆన్‌లైన్ అద్భుతక్రీడలలో పాఠవిచారము

గ్రంథపాఠములో ఒక్క యక్షరము మారినచో పండితులు సంవత్సరముల తరబడి వాదించుకొనుట మన శాఖకు కొత్త కాదు. ఒకానొక పద్యమున శకటరేఫమా సాధురేఫమా యని తేల్చుటకు పది ప్రతులు ముందు పెట్టుకొని కూర్చుండిన పెద్దలను మే మెరుగుదుము. అట్టి శ్రమను చూచి లోకము నవ్వినపుడు మనకు కష్టము తోచును. కాని, కంప్యూటరుపై ఆడెడి యొక యాటలో ఒక మంత్రము ప్రభావము నూటికి ఐదు పాళ్లు తగ్గినదని వేలకొలది యాటగాండ్రు ఆగ్రహించిరని వినినపుడు మనమును అట్లే నవ్వుచున్నాము. రెండు నవ్వులును ఒక్క జాతివే. మార్పు చిన్నదైనచో దానివలన కలుగు స్పందనము కూడ చిన్నదిగా నుండవలెనను నమ్మిక రెంటికిని మూలము. ఈ నమ్మిక సరియైనది కాదనియు, ఆటగాని స్పందనము ఒక విధమైన పఠనమే యనియు, కావున పాఠవిమర్శకును అలంకారశాస్త్రమునకును అందు పని కలదనియు చూపుట మా యుద్దేశము.

ఈ యాటల నెరుగని పాఠకులకొరకు కొన్ని మాటలు ముందుగా చెప్పవలసియున్నది. 1997లో వెలువడిన అల్టిమా ఆన్‌లైన్, 1999లోని ఎవర్‌క్వెస్టు, అషెరాన్స్ కాల్, 2001లో ఇంగ్లండున పుట్టిన రూన్‌స్కేప్, 2004 నవంబరులో అమెరికాయందు బ్లిజ్జార్డ్ సంస్థ విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ జాతిలో పేర్కొనదగినవి. వీనియందు వేలకొలది జనులు ఒకే కల్పితలోకమున నొకేసారి సంచరింతురు. ప్రతివాడును ఒక పాత్రను సృజించుకొని, దానిచే రాక్షసులను చంపించి, మూలికలు కోయించి, ఆయుధములు చేయించి, స్థాయి వెంట స్థాయిగా పెంచును. ఇది ఒక పూటతో ముగియు వినోదము కాదు. ఒక్కొక్క పాత్ర వెనుక నెలల, సంవత్సరముల శ్రమ యుండును. ఆటగాడు నిద్రించునపుడును ఆ లోకము నడచుచునే యుండును. అది యతని యింట లేదు. సంస్థవారి యంత్రములలో, అనగా సర్వరులలో నున్నది. ఈ చివరి యంశమే మన విచారమునకు ముఖ్యము. ఒక గ్రంథమునకు ద్వితీయముద్రణము వచ్చినను ప్రథమముద్రణము మన బీరువాలో నుండును. ఈ యాటలలో ద్వితీయముద్రణము ప్రథమముద్రణమును మ్రింగివేయును. మంగళవారమునాడు సర్వరుల నాపి మార్పు చేసిరేని, సోమవారము నాటి లోకము ఆటగానికి మరి యెక్కడను దొరకదు.

ఇట్టి మార్పునకు ప్యాచ్ అని వ్యవహారము; అతుకు అని తెలుగున చెప్పవచ్చును. అతుకుతోబాటు సంస్థవారు మార్పులపట్టిక నొకదానిని ప్రకటింతురు. అది పొడిపొడి మాటలతో, సంఖ్యలతో, నిరలంకారముగా నుండు రచన. అయినను దానిని ఆటగాండ్రు చదువు తీరు మన విద్యార్థులు ప్రబంధములను చదువు తీరుకన్న నిశితమైనదని చెప్పుటకు మేము సంకోచింపము. 'తగ్గించితిమి' అన్నారా, 'సరిచేసితిమి' అన్నారా యని ప్రతిపదమును తూచుదురు. తగ్గించుట యన్నచో పూర్వస్థితి న్యాయమైనదే, ఇప్పుడు అధికారముచే మార్చుచున్నారని యర్థము. సరిచేయుట యన్నచో పూర్వస్థితియే తప్పు, ఇన్నాళ్లును ఆటగా డనుభవించినది దోషఫలమని యర్థము. సంఖ్య ఒక్కటే, అందలి నింద వేరు. పట్టికలో చెప్పని మార్పు లోకములో కనబడినచో చాటున చేసిరని మరింత కోపింతురు.

ఈ తీవ్రతకు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు చెప్పు సమాధానము ప్రసిద్ధమైనది. 1979లో డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనువారు ప్రకటించిన సిద్ధాంతము ననుసరించి, లాభమువలని సంతోషముకన్న అంతే పరిమాణముగల నష్టమువలని దుఃఖము బలవత్తరము. కాబట్టి ఆయుధబలమును తగ్గించుట, పెంచుటకన్న నెక్కువ అలజడి రేపును. ఇది నిజమే. కాని దీనితో విషయము ముగిసినదనుకొనుట తొందరపాటు. దేనిని లాభముగా, దేనిని నష్టముగా గణింపవలెనో నిర్ణయించున దేది? సంఖ్య కాదని ఈ క్రింది వృత్తాంతము చెప్పుచున్నది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఇంకను పరీక్షాదశలో నున్నపుడు నిర్మాతలకొక చింత కలిగెను. ఆటగాండ్రు అన్నపానములు మరచి గంటల తరబడి ఆడుదురేమో. వారిని నడుమనడుమ విశ్రమింపజేయు టెట్లు? అందుకై ఒక యుపాయము పన్నిరి. కొంతకాల మెడతెగక ఆడినచో పాత్ర అలసిపోవును. అలసిన పాత్రకు రాక్షసుని చంపినందుకు లభించు అనుభవాంకములు సగమునకు తగ్గును. ఆట చాలించి కొంతసేపు విశ్రమించినచో మరల పూర్తిగా లభించును. పరీక్షార్థము ఆడుచున్నవారు దీనిని గట్టిగా నిరసించిరి. తమ శ్రమకు శిక్ష విధించుచున్నారని వారి యాక్షేపము. అపుడు నిర్మాతలు చేసిన సవరణ మిక్కిలి చమత్కారమైనది. పూర్వము నూరని పిలిచినదానిని రెండువందలని, ఏబది యని పిలిచినదానిని నూరని పిలిచిరి. స్థాయికి వలసిన అంకముల లెక్కను దానికి తగినట్లు సర్దిరి. అలసట యను మాట తొలగెను. సత్రమున విశ్రమించిన పాత్రకు రెట్టింపు ఫలము లభించునని చెప్పిరి. శ్రమకును ఫలమునకును గల నిష్పత్తి ఎప్పటియట్లే యుండెను. నిరసన మాత్రము చల్లారెను. దేనిని శిక్ష యనిరో దానినే అనుగ్రహ మనిరి. ఈ సంగతి నిర్మాతలు చెప్పినదే. ఆ నియమము నేటికిని ఆ యాటలో నున్నది.

ఈ యుదంతమును చెప్పువారు సాధారణముగా 'జనులెంత సులభముగా మోసపోవుదురో చూచితిరా' యని ముగింతురు. మా కది సమ్మతము కాదు. ఆటగాండ్రు మోసపోలేదు, చక్కగా చదివిరి. మొదటి పాఠమున విశ్రాంతి సహజస్థితి, ఆట దానినుండి పతనము. ఎంత ఆడిన అంత దోషి యగుచున్నాడని ఆ పాఠము పలుకుచున్నది. రెండవ పాఠమున ఆట సహజస్థితి, విశ్రాంతి దానికి తోడు వచ్చిన కానుక. అంకములు చెప్పు వాచ్యార్థము రెంటను సమానమైనను, ఆటకును ఆటగానికిని గల సంబంధమును గూర్చిన వ్యంగ్యార్థము పూర్తిగా భిన్నము. మన ఆలంకారికులు ఉపదేశమును ప్రభుసమ్మితమనియు, సుహృత్సమ్మితమనియు, కాంతాసమ్మితమనియు విభజించిరి. 'ఇక ఆడకుము' అని శాసించిన ప్రభువు, 'కొంచెము విశ్రమించి వచ్చిన మేలుగా నుండును' అను మిత్రుడయ్యెను. శాసనమును ద్వేషించి హితోక్తిని మన్నించినవానిని మూఢుడనుట ఎట్లు? కావ్యప్రయోజనమును గూర్చి మనము తరగతిగదిలో బోధించు సూత్రమునకు ఇంతకన్న శుద్ధమైన యుదాహరణము దొరకుట యరుదు. అర్థమును మార్చక ఉక్తిని మాత్రమే మార్చి, ఫలితమును కొలిచి చూచు నవకాశము కావ్యలోకమున మన కెన్నడును లభింపదు గదా!

ఇక ఉక్తి కూడ నక్కరలేక, సందర్భమొక్కటే అర్థమును నిర్మించిన ఘట్టమొకటి కలదు. 2021 జూలైలో కాలిఫోర్నియా రాష్ట్రప్రభుత్వశాఖ యొకటి, బ్లిజ్జార్డ్ సంస్థలో స్త్రీల యెడల వివక్షయు వేధింపులును జరిగినవని ఆరోపించుచు వ్యాజ్యము వేసెను. అది 2023 డిసెంబరులో రాజీతో ముగిసినది. దావా వేసిన కొలది మాసములకే, ఆటలోని కొన్ని గోడలపై నుండిన స్త్రీల చిత్రపటములు మాయమై, వాని స్థానమున పండ్లు నింపిన పళ్లెముల చిత్రములు వెలసెను. ఆ పటములను గడచిన సంవత్సరములలో తేరిపార చూచినవారెందరు? బహుశః మిక్కిలి కొద్దిమంది. కాని మార్పు తెలియగానే కొందరు ఎగతాళి చేసిరి, కొందరు కోపించిరి, కొందరు ఇది జరుగవలసినదే యనిరి. ఎగతాళి చేసినవారందరును పటములను ప్రేమించినవారు కారు. మనుష్యుల నడవడినిగూర్చి ఆరోపణలుండగా గోడలపై బొమ్మలను దిద్దుటేమని వారి ప్రశ్న. వక్త, బోద్ధవ్యుడు, ప్రకరణము, దేశము, కాలము మున్నగువాని వైశిష్ట్యముచే వ్యంగ్యము స్ఫురించునని మమ్మటుడు చెప్పియున్నాడు. అదే ఫలచిత్రము 2011లో వచ్చియున్నచో చిత్రకారుని యభిరుచి యని యెవ్వరును పట్టించుకొనకుందురు. పటము మార్చినవారి సంకల్పమేదైనను, ప్రకరణము దానికొక యర్థము నిచ్చెను. నష్టసిద్ధాంతముచే దీనిని వివరింప బూనినవా రెవ్వరైన నున్నచో వారు కోల్పోయిన దేమో చూపవలసియుండును.

ఆటగాండ్రు చక్కగా చదువుదురని పైన చెప్పితిమి. ఎల్లవేళల నని చెప్పలేదు. వారి సాక్ష్య మెంతవరకు నమ్మదగినది యను ప్రశ్న పాఠపరిష్కర్తకు తప్పనిది. ఇందుకు రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.

మొదటిది అషెరాన్స్ కాల్‌లోనిది. అందొక యాటగాడు, తన పాత్రను రాక్షసులు మిగిలినవారికన్న నెక్కువగా వెంటాడుచున్నవని ఫిర్యాదు చేసెను. పాత్రపేరు వై. అట్టి యనుభవము తమకును కలదని మరికొందరు పలికిరి. కొందరికి పుట్టుకతోనే ఒక గుర్తు తగిలించియున్నదను వదంతి పుట్టి, దానికి వై గుర్తు అని పేరు కూడ వచ్చెను. అట్టిదేమియు లేదని నిర్మాతలు చాలకాలము చెప్పుచు వచ్చిరి. యాదృచ్ఛికముగా జరుగుదానిలో మనుష్యుడు కుట్రను చూచుట సహజమే గనుక, ఆ సమాధానము యుక్తియుక్తముగానే యుండెను. తుదకు వెదకి చూడగా, రాక్షసులు దాడికి గురి నెన్నుకొను గణనలో నిజముగానే దోషమున్నట్లును, కొన్ని పాత్రలు అకారణముగా నెక్కువసార్లు గురియగుచున్నట్లును తేలెను. నిర్మాతల ఆగమప్రమాణముకన్న ఆటగాని ప్రత్యక్షము బలీయమయ్యెను.

రెండవది దీనికి ప్రతిముఖము. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ యొక్క పూర్వరూపమును మరల ప్రతిష్ఠింపదలచిన బ్లిజ్జార్డ్ సంస్థ 2019లో దానిని పరీక్షకు పెట్టెను. పాత యాట నెరిగినవారు వచ్చి ఆడి, ఇది తప్పు, అది తప్పు అని కుప్పలుగా దోషములను నివేదించిరి. సంస్థవారు ఆ నివేదికలను 2006నాటి ప్రతితో పోల్చిచూచి, 'ఇవి దోషములు కావు' అను శీర్షికతో నొక పట్టికను ప్రకటించిరి. వృషభాకారులైన టారెన్‌జాతివారి చేతిదెబ్బ ఇతరులకన్న కొంచెము దూరము నుండియే తగులుట దోషము కాదు, నాడు నట్లే యుండెను. యోధుని ఆరోగ్యము కోలుకొను వేగము సరియైనదే. పూర్తియైన కార్యము చిన్నపటముపై ప్రశ్నార్థకముగా గాక చుక్కగా కనబడుట సరియైనదే. పదమూడేండ్ల కాలమున వచ్చిన చిన్నచిన్న మార్పులు, ఎవరికిని తెలియకుండ, జ్ఞాపకములో పూర్వపాఠముపై పేరుకొనియుండెను. మార్పు జరిగిననాడు మండిపడినవారే కొంతకాలమునకు ఆ మార్పే మూలమని ప్రమాణము చేయుదురు. లేఖకుడు తన కాలపు వాడుకను ప్రాచీనగ్రంథమున జొప్పించి, అది కవిప్రయోగమేయని నమ్మినట్లు.

ఈ రెండు ఘట్టములనుండి మేము గ్రహించు నంశ మిది. ఇప్పు డేమి జరుగుచున్నదో చెప్పుటలో ఆటగాండ్రు సమర్థులు. నా డేమి జరిగెనో చెప్పుటలో వారి మాటకు ప్రతిపోలిక కావలెను. సంస్థవారు తరచుగా దీనికి విపరీతముగా ప్రవర్తింతురు. వర్తమానమును గూర్చిన ఫిర్యాదును వ్యామోహమని త్రోసివేసి, గతమును గూర్చిన మమకారమునకు తలయొగ్గుదురు. ఈ మాట కొంత కఠినముగా నున్నను ఉపసంహరించుకొనుటకు మాకు కారణము కనబడలేదు.

పూర్వరూపప్రతిష్ఠ యంటిమి. దాని కథ పాఠవిమర్శకు గనివంటిది గావున కొంత విస్తరింతుము. ఆటయందలి పాతఖండములు 2010 నవంబరునాటి అతుకుతో విధ్వస్తములై, కొత్తగా వ్రాయబడెను. పాతదానిని కోరువారు నానాట పెరిగిరి. 2013లో ఆ సంస్థవారి వార్షికసభలో ఒక యాటగాడు పాత సర్వరుల సంగతి యడుగగా, ఆటకు ముఖ్యాధికారిగా నుండిన జె. అలెన్ బ్రాక్, మీరు దానిని కోరుచున్నామని యనుకొనుచున్నారే గాని నిజముగా కోరుట లేదని యర్థము వచ్చునట్లు సమాధానమిచ్చెను. ఆ యొక్క వాక్యము తెచ్చిన మనస్తాపము ఏ సంఖ్యాపరివర్తనమును తేలేదు. అనుమతి లేక నడచిన నోస్టాల్రియస్ అను పాతప్రతి సర్వరు, సంస్థ న్యాయవాదుల హెచ్చరికతో 2016 ఏప్రిలులో మూతపడెను. దానికై రెండు లక్షలకు మించిన సంతకములతో విజ్ఞప్తి వెడలెను. 2017 నవంబరులో అదే బ్రాక్ అదే సభావేదికపై పాతయాటను మరల తెచ్చెదమని ప్రకటించెను. 2019 ఆగస్టులో క్లాసిక్ అను పేర అది వెలువడెను.

ఇంతకును ఏది పాతయాట? 2004 నవంబరు మొదలు 2006 తుదివరకు పలుమారులు మారిన పాఠమది. అందేది మూలము? సంస్థవారు 2006 ఆగస్టునాటి 1.12 అను అతుకును ఆధారప్రతిగా గ్రహించిరి. చక్కగా భద్రపడిన సమాచారము దానిదే. అయితే 1.12 నాటికి గుహలు, కోటలు, మహారాక్షసులు అన్నియు చేరియుండెను. అన్నిటిని ఒక్కమారు తెరచినచో క్రమక్రమముగా లోకము విప్పారిన యనుభవము పోవును. అందువలన నియమములు 2006వి గాను, ఘట్టములు మాత్రము 2004 నుండి వరుసగా ఆరు దశలలో తెరచునట్లును ఏర్పాటు చేసిరి. పర్యవసానముగా, గతమున ఏ దినమునను ఏ సర్వరులోను ఉండని యొక పాఠము పాతయాట పేరున నిలిచెను.

దీనిని మేము దోషముగా చెప్పుట లేదు. పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధనసంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన సంస్కృతమహాభారత సంశోధితముద్రణము కూడ అట్టిదే. అందలి పాఠము అదే రూపమున ఏ యొక్క తాళపత్రప్రతియందును లేదు. వినాయకుడు వ్యాసునికి లేఖకుడైన కథ అందు ప్రధానపాఠమునుండి తొలగి అనుబంధమునకు చేరినపుడు నొచ్చుకొనిన భక్తులను మనము ఎరుగుదుము. వారు కోరిన భారతము తాము వినిన భారతము. పరిష్కర్త యిచ్చినది ప్రతులు సాక్ష్యమిచ్చు భారతము. 'ఏ మార్పును వలదు' అని నినదించిన క్లాసిక్ ఆటగాండ్రకును సరిగా నీ చిక్కే యెదురైనది. 2005లో రాగ్నరోస్ అను అగ్నిప్రభువును తొలిసారి సంహరించుటకు నెలలు పట్టెను. 2019లో ఒక వారముకూడ పట్టలేదు. 2006 నియమములు వీరులను బలవత్తరులను చేసియుండెను, పదునైదేండ్ల విజ్ఞానము వారి చేతిలో నుండెను. పాఠము తిరిగివచ్చెను గాని, పాఠకుని అజ్ఞానము, అనగా ఆ పాఠమున సగము రసము, తిరిగిరాలేదు.

పాఠమును సవరించు నధికార మెవరిదను ప్రశ్న మిగిలియున్నది. మన పెరటి యరుగులపై ఆడు అష్టాచెమ్మాలో ఈ చిక్కు లేదు. ఎదుటివారి కాయను చంపనిదే లోపలి గడులలోనికి పోరాదని కొన్ని యిండ్లలో నియమము, కొన్ని యిండ్లలో లేదు. కూర్చుండిన నలుగురును ఒప్పుకొనినచో నియమము మారును. ఒప్పుకొననివాడు లేచిపోవును, లేక అలిగి మరల కూర్చుండును. నియమము ఆడువారి సొత్తు. ఆన్‌లైన్ లోకమున నియమము సంస్థ సొత్తు, జీవితము ఆటగానిది. స్వల్పమైన మార్పునకు ప్రళయమువంటి స్పందనము వచ్చుటకు మూలకారణములలో నిది ముఖ్యమని మా యభిప్రాయము. ఆయుధము బలము నూటికి ఐదు తగ్గినపుడు ఆటగానికి తెలియవచ్చునది ఆ యైదు కాదు. తన సంవత్సరముల శ్రమ ఒకరి యిష్టముపై నాధారపడియున్నదను సంగతి. నిత్యమును మరచియుండు నీ సత్యమును ప్రతి యతుకును గుర్తుచేయును.

రూన్‌స్కేప్ చరిత్ర దీనికి నిదర్శనము. దాని నిర్మాతలైన జాగెక్స్ సంస్థవారు ఇచ్చిపుచ్చుకొనుటపై నొక హద్దు విధించిరి. ఆటలోని సొమ్మును బయట నిజమైన డబ్బునకు అమ్ముకొనువారిని అరికట్టుట వారి యుద్దేశము. విలువలో మిక్కిలి వ్యత్యాసముగల వస్తువులను ఒకరికొకరు మార్చుకొనరాదను నియమము చూచుటకు చిన్నదే. కాని దానితో ఒక మిత్రుడు మిత్రునికి ఉచితముగా ఖడ్గ మిచ్చుటయు, వరాలభూమియందు ఒకరినొకరు కొల్లగొట్టుటయు నశించెను. వరాలభూమి యని మేమన్నది వైల్డర్‌నెస్ అను అరాజకప్రాంతము. పోగొట్టుకొనిన పిదప దానికి వచ్చిన కీర్తిని బట్టి అట్లంటిమి. ఆటగాండ్రు ఆటలోని నగరములలోనే గుంపులుగా చేరి నిరసన తెలిపిరి. మూడేండ్లు గడచి, ఆటగాండ్ర వోటు తీసికొని, 2011 ఫిబ్రవరిలో ఆ హద్దును ఎత్తివేసిరి. 2012 నవంబరులో యుద్ధవిధానమునే మార్చగా మరల ఎందరో విడిచిపోయిరి. అపుడు సంస్థవారు తమ భాండారమున 2007 ఆగస్టునాటి ప్రతి యొకటి యున్నదని చెప్పి, దానిని తెరువవలెనా యని వోటు పెట్టి, 2013 ఫిబ్రవరిలో ఓల్డ్‌స్కూల్ రూన్‌స్కేప్ అను పేర తెరచిరి. ఆగస్టు ప్రతి దొరకుటచేత ఆ హద్దు అందు లేదు. ప్రతి దొరకిన తేదియే మూలమును నిర్ణయించుట మన తాళపత్రగ్రంథముల విషయమున నెన్నిసార్లు చూడలేదు!

ఓల్డ్‌స్కూల్‌లో మరియొక విశేషము కలదు. కొత్తగా చేర్చదలచినదానిని ఆటగాండ్ర వోటునకు పెట్టవలెననియు, నూటికి 75 మంది సమ్మతించిననే చేర్చవలెననియు నిర్ణయించిరి. పాఠసవరణకు పాఠకుల నాలుగింట మూడు పాళ్ల యంగీకార మడుగు పరిష్కర్త సాహిత్యలోకమున లేడు. దీని ఫలితము రెండు విధములుగా నుండెను. మార్పులయెడ నమ్మకము పెరిగెను. తమ చేతులతో ఒప్పుకొనినదానిని ఆటగాండ్రు తేలికగా నిందింపలేరు. మరియొకవైపు, కొంచెము సాహసముగల ప్రతిపాదనలు గడప దాటలేకపోయెను. నౌకాయానమను కొత్త విద్య 2015లో వోటున వీగిపోయెను. 2022లో 75ను 70కి తగ్గించిరి. ఇంతకన్న స్వల్పమైన మార్పు మరి యేది? ఖడ్గము మారలేదు, రాక్షసుడు మారలేదు. మార్పులను అనుమతించు కొలబద్ద ఐదంకములు జరిగెను. కాని దానిపై జరిగిన వాదము తక్కువది కాదు. ఆ కొలబద్ద క్రిందనే నౌకాయానము 2023లో సమ్మతి పొంది, 2025 నవంబరులో ఆటలో చేరినది. మెజారిటీపాఠము శుద్ధపాఠ మగునా యని మనవారు అడుగవచ్చును. కాదనియే మా నమ్మిక. అయినను, వోటు లేనిచోట మిగులునది సంస్థవారి రుచి యొక్కటే యని మరువరాదు.

తిరిగి క్లాసిక్ కడకు వచ్చి, ఒక చిన్న వివరము చెప్పి విరమింతుము. 2004 నాటి సర్వరులు ఆటగాండ్రు ప్రయోగించు మంత్రములలో ననేకమును వచ్చినవి వచ్చినట్లు గాక, నాలుగువందల మిల్లీసెకండ్ల కొకసారి మూటగట్టి పరిష్కరించుచుండెను. దానివలన ఇరువురు ఒకరినొకరు ఒకే క్షణమున మూర్ఛితులను చేయుటవంటి వింతలు జరుగుచుండెను. ఇది కవిసంకల్పము కాదు, యంత్రముల అశక్తత. ఆధునికయంత్రములకు ఆ యవసరము లేకపోయినను, మూలానుసరణమను నియమముచే సంస్థవారు 2019లో ఆ జాప్యమును ప్రయత్నపూర్వకముగా కల్పించి పెట్టిరి. ప్రాచీనప్రతిలోని లేఖకదోషమును పరిష్కర్త యథాతథముగా అచ్చువేసినట్లు. ఏ మార్పును వలదనిన యాటగాండ్రలోనే అనేకులు దానిని సహింపలేకపోయిరి. 2004లో తంతులగుండ వచ్చు జాప్యములో నది కలిసిపోయియుండెను; వేగముగల నేటి తంతులపై అది విడిగా కనబడి చేతికి అడ్డుపడెను. 2021లో ఆ నాలుగువందలను పదికి తగ్గించిరి. మూలమునకు దూరమైన ఈ మార్పును పాతయాటవంటి యనుభవమని కొందరు మెచ్చుకొనిరి, మూలమును చెరచిరని కొందరు వగచిరి. ఇరువురి చేతిలోను నున్నది ఒకే 1.12 ప్రతి.